వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టినంత మాత్రాన సప్లై శుభ్రపడదు

"సెన్సర్ రీడింగు ఊగుతోందా? 5 వోల్టులు నిలకడగా ఇచ్చే 7805 రెగ్యులేటర్ పెట్టి, అవుట్‌పుట్‌కి 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తగిలించండి. మల్టీమీటర్‌లో 5.00 కనిపిస్తే సప్లై క్లీన్. మిగతాది చిప్ చూసుకుంటుంది." ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్ల మధ్య బాగా తిరిగే సలహా ఇది. రిలేలకీ ఎల్ఈడీలకీ సరిపోతుంది. చిన్న సిగ్నళ్లని అంకెలుగా మార్చే ఏడీసీకీ, వాటిని పెంచే ఆప్‌ఆంప్‌కీ కూడా ఇదే చెప్పడంతోనే చిక్కంతా. కొత్తవాళ్లు తప్పు సప్లైలో ఉందని తెలియక సెన్సర్‌నీ కోడ్‌నీ అనుమానిస్తూ రోజులు పోగొట్టుకుంటున్నారు.

ముందు మీటర్ సంగతి. డీసీ రేంజిలో అది చూపించేది సగటు. ఆ సగటు మీద 50 మిల్లీవోల్టుల రిపుల్ (సప్లైలో మిగిలే ఊగిసలాట) స్వారీ చేస్తున్నా 5.00 అలాగే కనిపిస్తుంది. పైగా 2.5 వోల్టుల రిఫరెన్స్‌తో (కొలతకి ఆధారంగా తీసుకునే వోల్టేజి) నడిచే 16 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు దాదాపు 38 మైక్రోవోల్టులు. మీటర్‌లో చివరి అంకె విలువ 10 మిల్లీవోల్టులు, అంటే అలాంటి మెట్లు 260కి పైనే. ఆసిలోస్కోప్‌ని ఏసీ కప్లింగ్‌లో, అంటే డీసీని వదిలేసి ఊగే భాగాన్నే చూపించేలా, పెట్టి చూడాలి. అదికూడా ప్రోబ్‌కి ఉండే పొడవాటి గ్రౌండ్ క్లిప్పుతో కాదు, ఆ వైరు లూపే చుట్టూ ఉన్న నాయిస్‌ని పట్టేస్తుంది. ప్రోబ్ కొనకి పొట్టి స్ప్రింగ్ గ్రౌండ్ తగిలించి, చిప్ పిన్ దగ్గరే కొలవాలి.

రెగ్యులేటర్ అన్నిటినీ ఆపేస్తుందన్న నమ్మకం ఇంకా పెద్దది. మెయిన్స్ నుంచి వచ్చే 100, 120 హెర్ట్జ్ రిపుల్‌ని 7805 నిజంగానే 60 డెసిబెల్స్‌కి పైగా తగ్గిస్తుంది: ఇన్‌పుట్‌లో ఒక వోల్టు ఊగితే అవుట్‌పుట్‌లో ఒక మిల్లీవోల్టుకి మించదు. ఈ బలం, అవుట్‌పుట్‌లో తేడాని పసిగట్టి సరిచేసే లోపలి ఎర్రర్ యాంప్లిఫయర్ గెయిన్ వల్ల వచ్చింది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ గెయిన్ పడిపోతుంది, దాంతోపాటు అడ్డుకునే శక్తీ పోతుంది. ఇప్పుడు రెగ్యులేటర్‌కి ముందు చాలాచోట్ల ఉండేది వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ వోల్టేజిని మార్చే స్విచింగ్ కన్వర్టర్, దాని నాయిస్ మొదలయ్యేదే వందల కిలోహెర్ట్జ్‌లో. అక్కడ మామూలు రెగ్యులేటర్ 30 డెసిబెల్స్ ఇస్తే, లోపలికి వచ్చిన 50 మిల్లీవోల్టుల్లో 1.6 మిల్లీవోల్టులు బయటికి వచ్చేస్తాయి. స్విచింగ్ అంచుల్లోని పదుల మెగాహెర్ట్జ్ స్పైకులైతే దాదాపు అడ్డే లేకుండా దాటుకుంటాయి. అందుకే డేటాషీట్ మొదటి పేజీలోని ఒక్క అంకెని నమ్మకండి, ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ చూడండి. రెగ్యులేటర్‌కి ముందు ఫెరైట్ బీడ్ (హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌ని అడ్డుకునే చిన్న భాగం), కెపాసిటర్‌తో చిన్న ఫిల్టర్ వేస్తే చాలా సందర్భాల్లో పని జరుగుతుంది. అదీ చాలకపోతే ఎల్‌టీ3042 లాంటి తక్కువ నాయిస్ రెగ్యులేటర్లున్నాయి: ఒక మెగాహెర్ట్జ్ దగ్గర 79 డెసిబెల్స్, సొంత నాయిస్ 0.8 మైక్రోవోల్టులు. ఇంకో మాట: 7805కి ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య సుమారు 2 వోల్టుల తేడా కావాలి. రిపుల్ లోయలో అది తగ్గితే ఆ క్షణాల్లో రెగ్యులేషనే ఉండదు.

ఇక పెద్ద కెపాసిటర్. నెమ్మదిగా మారే లోడ్‌కి అది మంచిదే. కానీ ఎలక్ట్రోలిటిక్‌కి సొంత రెసిస్టెన్సూ ఇండక్టెన్సూ ఉంటాయి, ఫ్రీక్వెన్సీ బాగా పెరిగితే అది కెపాసిటర్‌లా పనిచేయడమే మానేస్తుంది. చిప్‌కి నానోసెకన్లలో కావలసిన కరెంటుని ఇవ్వాల్సింది పిన్ పక్కనే ఉండే 100 నానోఫారడ్ల సెరామిక్. మొత్తం ఇండక్టెన్స్ ఒక నానోహెన్రీ అయితే అది 16 మెగాహెర్ట్జ్ దాకా కెపాసిటర్‌గానే ఉంటుంది. ట్రాక్ పొడవు వల్ల ఇంకో 10 నానోహెన్రీలు చేరితే ఆ హద్దు 5 మెగాహెర్ట్జ్‌కి దిగిపోతుంది. సెరామిక్‌లోనూ జాగ్రత్త కావాలి. సెరామిక్ రకాన్ని చెప్పే ఎక్స్7ఆర్ అన్న గుర్తు హామీ ఇచ్చే 15 శాతం ఉష్ణోగ్రత మార్పుకి మాత్రమే, డీసీ వోల్టేజికి కాదు. చిన్న సైజు 10 మైక్రోఫారడ్ల ముక్క, రేటెడ్ వోల్టేజి దగ్గరికి వచ్చేసరికి తన కెపాసిటెన్స్‌లో సగానికి పైగా పోగొట్టుకోవచ్చు. ఎల్ఎమ్2940 లాంటి పాత రెగ్యులేటర్లకైతే అవుట్‌పుట్ కెపాసిటర్ సొంత రెసిస్టెన్స్ 0.1 నుంచి 1 ఓమ్ మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే రెగ్యులేటరే ఆసిలేట్ అవుతుంది.

"మిగతాది చిప్ చూసుకుంటుంది" అన్నది సగం నిజం. సప్లై ఊగిసలాటని డీసీ దగ్గర 100 డెసిబెల్స్ తగ్గించే ఆప్‌ఆంప్‌కి 100 కిలోహెర్ట్జ్ దగ్గర చాలా తక్కువే మిగులుతుంది. ఏడీసీ సప్లైనే రిఫరెన్స్‌గా వాడుకుంటే ఆ రక్షణ అసలే లేదు: 5 వోల్టులు 4.95కి దిగితే రీడింగులన్నీ ఒక శాతం పెరుగుతాయి. లోడ్‌సెల్ (బరువు కొలిచే సెన్సర్) బ్రిడ్జిని నడిపే వోల్టేజినే ఏడీసీకి రిఫరెన్స్‌గా ఇస్తే మాత్రం ఈ నెమ్మది మార్పు రెండువైపులా ఒకేలా వచ్చి కొట్టుకుపోతుంది.

ఆ సలహాలో గ్రౌండ్ మాటే లేదు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. 35 మైక్రాన్ల రాగి మీద 0.25 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొడవున్న ట్రాక్ రెసిస్టెన్స్ సుమారు 0.1 ఓమ్. దానిలోంచి 50 మిల్లీఆంప్స్ వెళ్తే 5 మిల్లీవోల్టుల తేడా, ఇందాకటి ఏడీసీలో 130 మెట్లు. రెగ్యులేటర్ దగ్గర ఎంత కెపాసిటర్ పెట్టినా ఇది పోదు. ఎల్ఈడీనో రిలేనో ఆన్, ఆఫ్ చేసి చూడండి. దానితో పాటే రీడింగు ఒక మెట్టులా జరిగితే, ఆ కరెంటు తిరిగి వెళ్లే దారిని సెన్సర్ గ్రౌండ్ నుంచి వేరు చేయండి.