పైరవీ ఫోన్‌కాలు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పైరవీ ఫోన్‌కాలు గారికి,

శనివారం రాత్రి పన్నెండు దాటాక మీరు మోగితే ఎత్తకుండానే విషయం అర్థమైపోతోంది. మా బాబాయి పోలీసు డిపార్టుమెంటులో చేశారని మా అమ్మ ఏదో పెళ్లిలో గొప్పగా చెప్పింది లెండి, అప్పట్నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర మా చుట్టాల్లో ఎవరు ఊదినా ఫోను నాకే. ఆయనేమో అనకాపల్లిలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, షుగరు మాత్ర వేసుకుని తొమ్మిదింటికే పడుకుంటారు.

"అన్నా, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఆపారు, బాబాయితో ఒక్క మాట చెప్పించు." రీడింగ్ ఎంత అంటే నూట ఇరవై అట. తాగింది మాత్రం రెండు బీర్లేనట. హైదరాబాదులో మూడో బీరు తాగి దొరికినవాడు ఇంతవరకూ నాకు ఫోన్ చేయలేదు.

మీ గొప్పతనాన్ని కాదనను. కాలేజీ సీటు దగ్గర్నుంచి తిరుమల దర్శనం లెటరు దాకా మీ దయతోనే బతుకుతున్నాం. కానీ ఈ ఒక్క చోట మీ పప్పులుడకట్లేదు సార్. ఊదగానే ఆ బ్రెత్ ఎనలైజరు మెషీను అంకె చూపించి, తేదీ, టైముతో సహా చీటీ కక్కేస్తుంది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటిందా, మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను. ఆ తర్వాత మీరు ఎమ్మెల్యే గారి పీఏని లైన్లోకి తెచ్చినా చీటీ మీద 120 కాస్తా 20 అవదు. ఒంట్లోది దిగడానికి గంటకి ఇంచుమించు 15 మి.గ్రా. చొప్పున లెక్క, అంటే మావాడు ముప్పైకి రావాలంటే ఆరు గంటలు పడుతుంది, సోంపు నమిలినా నిమ్మకాయ పిండుకున్నా అంతే. పోనీ ఊదనని మొండికేస్తే? అనుమానం ఉంటే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చని అదే చట్టంలో ఉంది.

2019 సవరణకి ముందు మొదటిసారి దొరికితే జరిమానా రెండు వేల దాకానే ఉండేది, మీకు కృతజ్ఞతగా ఇప్పించే పార్టీకే అంతకన్నా ఎక్కువయ్యేది. ఇప్పుడు 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారైతే 15,000 జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. కోర్టు కంటే ముందు గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగు ఒకటుంది, దానికి ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకు రమ్మంటారు. మీరు పరిచయం చేసిన కార్పొరేటరు గారు అక్కడికి రారు. వచ్చేది మావాడి భార్య. "ఆఫీసులో లేటయింది" అని ఆమెకి చెప్పిన రాత్రి తాలూకు వివరాలన్నీ పోలీసాయన నోటి నుంచి, తారీఖుతో సహా, ఆమె పక్కన కూర్చుని వినాలి. నన్నడిగితే జైలే నయం.

ఇంత హడావుడిలో పనికొచ్చే ఫోను ఒకటుంది, దాన్ని మాత్రం ఎవడూ చేయడు. తాగి నడిపాడని బండి లాక్కోవద్దు, తాగని మనిషి, లైసెన్సున్న మనిషి పక్కనుంటే అతనికివ్వండి, లేకపోతే చుట్టాలకో స్నేహితులకో కబురు పెట్టి అప్పగించండి అని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అంటే రోడ్డు మీద నిలబడ్డవాడు పిలవాల్సింది మంచం మీదున్న ఏ బావమరిదినో. అతనికి హోదా అక్కర్లేదు, లైసెన్సుంటే చాలు. మావాళ్లు ఆ ఒక్కణ్ని తప్ప ఫోన్లో ఉన్న అందర్నీ లేపుతారు. అసలు బార్లోంచి బయటికి రాకముందే అతనికి ఫోన్ చేసుంటే ఊదే పనే ఉండేది కాదుగా, అది వేరే సంగతి.

కాబట్టి ఇకమీదట బండి తాళాలు తీసుకోవడానికి నన్ను రమ్మనడానికైతే మోగండి, లేస్తాను, తిట్టుకుంటూనైనా వస్తాను. బాబాయి పేరెత్తారో, ఆయన నంబరే ఇచ్చేస్తాను. అర్ధరాత్రి నిద్ర లేపినవాడితో ఆయన మాట్లాడే భాషకి వేరే సెక్షన్లు పడతాయి.

ఇట్లు,
బాబాయి ఉన్న పాపానికి నిద్ర కరువైనవాడు