లేత రంగుల బొకే గారికి ఒక మనవి

మహారాజశ్రీ లేత రంగుల బొకే గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం మాత్రం మూడు పొరల కాగితం, సెల్లోఫేన్, శాటిన్ రిబ్బను దాటి లోపలికి తొంగిచూస్తేగాని చెప్పలేం.

ఎర్ర గులాబీ దెబ్బ తగిలినా కొంత దాచుకుంటుంది. లేత గులాబీ, క్రీమ్, పీచ్ రంగులకు ఆ సౌకర్యం లేదు. వేలు గట్టిగా తగిలితే గోధుమరంగు మచ్చే. అందుకని కమిలిన రేకులన్నీ పీకేసి, బొద్దు పువ్వును సన్న మొగ్గగా మార్చి, "ఫ్రెష్ సార్, ఇంకా విచ్చుకోలేదు" అంటారు. బయటి రేకులు ఒకటి రెండు తీయడం మామూలే. పువ్వు అడుగున ఐదారు గాట్లు కనిపిస్తే మాత్రం తమరి వయసు అడగాల్సిందే. కాడ కలిసేచోట రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే సరి: గట్టిగా ఉంటే తాజా, మెత్తగా దిగితే మొన్నటి సరుకు. కాడ చివర జిగటగా ఉండి కంపు కొడితే నొక్కే శ్రమ కూడా అక్కర్లేదు.

తమరి పరివారంలో ఆకాశనీలం గులాబీ ఒకటి. అది ఏ తోటలోనూ అలా పూయదు. రంగునీళ్లు తాగించినదైతే రేకుల ఈనెలు ముదురుగా తేలతాయి; స్ప్రే కొట్టినదైతే ఆకుల మీద తుంపరలు, పుచ్చుకున్నవారి చేతికి కాస్త కానుక.

వాసన సంగతి ఎత్తితే తమరికి కోపం. మూరెడు మల్లెలు బస్సంతా ఘుమాయిస్తాయి. హోసూరు పాలీహౌసు (ప్లాస్టిక్ కప్పిన పూలతోట) నుంచి పెట్టెలో దిగిన గులాబీలో ముక్కు పెడితే చల్లగాలి. నలగని, ఎక్కువ రోజులు నిలిచే రకాలనే ఎంచుకుంటూ పోతే పరిమళం వెనకబడింది. ఉన్న వాసనల్లా జిప్సీ పూలది. మబ్బుతునకల్లాంటి ఆ తెల్లచుక్కలు ఎక్కువైతే మూసిన గదిలో పుల్లటి కంపు. రెండు కాడలు చాలు. వాటికి ఐదు గులాబీలు, నాలుగు కార్నేషన్లు, గులాబీలా కనిపించే లిసియాంథస్ పూలు మూడు, కాస్త యూకలిప్టస్ ఆకు. ఆకు లేకపోతే ఎండకు వెలిసిన ఫోటో. నాలుగు రంగులు దాటితే ఐస్‌క్రీం బండి.

బుట్ట అవతారం ఎత్తినప్పుడు తమరి ఆయువు అడుగునున్న ఆకుపచ్చ ఫోమ్ ఇటుకది. దాన్ని నీళ్లలో వదిలేస్తే తనంతట తానే మునగాలి. తొందరపడి చేత్తో ముంచితే మధ్యలో గాలి మిగిలి, అక్కడ గుచ్చిన గులాబీ మెడ వాల్చేస్తుంది. ఒకసారి ఎండిన ఇటుక మళ్లీ సరిగా నీళ్లు పీల్చదు.

రిసెప్షన్ స్టేజీ మీద తమరి ఉద్యోగం ఒక్క ఫోటో. ఆపైన కుర్చీ కింద వనవాసం. ఏ పుణ్యాత్ములో ఇంటికి తీసుకెళ్లినా, కాడలు అంగుళం మేర ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తుంచి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చరు. నేరుగా అరటిపండ్ల పక్కన కూర్చోబెడతారు. పండ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్లు రేకులు లోపలికి ముడుచుకుని నిద్రపోతాయి.

మనవి ఒక్కటే. దుకాణం పసుపు లైటు కింద క్రీమ్ రంగుకూ వాడిన తెలుపుకూ తేడా తెలియదు. ఎవరైనా తమరిని పగటి వెలుతురులోకి తెచ్చి కాగితం విప్పమంటే, "విప్పితే డిజైన్ పోతుంది సార్" అని తమరి తరఫున ఎవరూ అడ్డుపడకుండా చూడగలరు.

ఇట్లు,
కాడల చివర వాసన చూసే విధేయుడు