శ్వాసలు మూడు, కోర్టులు అనేకం

కోనసీమలో ఊపిరి పీల్చడం ఇంకా అసంఘటిత రంగంలోనే ఉంది. అంబాజీపేటలో కొబ్బరిపీచు దుమ్మైనా, కాలవగట్టు రైసుమిల్లు ఊకైనా, ఎవరికి అందింది వాళ్లు పీల్చేసుకుంటున్నారు. ఎన్నిసార్లు పీల్చారో రాసుకునే నాథుడు లేడు.

అమెరికాలో ఆ పని పద్ధతిగా జరుగుతోంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగే జబ్బుకి ట్రెప్రోస్టినిల్ అనే మందుంది. దాన్ని పీల్పించి వైద్యం చేసే పద్ధతికి యునైటెడ్ థెరప్యూటిక్స్ అనే కంపెనీ పేటెంట్ సంపాదించింది. మోతాదు 15 నుంచి 90 మైక్రోగ్రాములు, పీల్చాల్సింది ఒకటి నుంచి మూడు శ్వాసల్లో. అవును, శ్వాసల లెక్క కూడా పేటెంట్‌లోనే ఉంది. లిక్విడియా అనే కంపెనీ అదే మందుని పొడిగా తేబోతే 2020లో దావా పడింది. 2022 జూలైలో పేటెంట్ బోర్డు ఈ హక్కు చెల్లదంది. ఆగస్టులో డెలావేర్ కోర్టు చెల్లుతుందంది. పై కోర్టు ఎవరినీ నొప్పించలేదు. 2023 జూలైలో డెలావేర్ కోర్టు తీర్పునీ, డిసెంబరులో బోర్డు తీర్పునీ ఖాయం చేసింది. చివరికి బోర్డు మాటే నెగ్గి పేటెంట్ పోయింది. పొడి మందుకి పూర్తి అనుమతి 2025 మేలో వచ్చింది. అన్నాళ్లూ ఆయాసానికి వాయిదా ఇచ్చిన జడ్జి మాత్రం ఎవరూ లేరు.

టెవా అనే మందుల కంపెనీ ఇన్‌హేలర్‌ది ఇంకో కథ. అందులోని సాల్బుటమాల్ 1969 నుంచీ వాడుకలో ఉన్న పాత ఉబ్బసం మందు. అందుకని, ఇంకెన్ని పఫ్‌లు మిగిలాయో చూపే అంకెల చక్రం పేటెంట్లని మందుల పేటెంట్ల జాబితాలోకి ఎక్కించారు. జాబితాలో ఉన్నదాని మీద దావా వేస్తే పోటీ మందు అనుమతి 30 నెలలు ఆగిపోవచ్చు మరి. చక్రం మందు కాదని తేల్చడానికి 2024 డిసెంబరులో అప్పీలు కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇంత గంభీరమైన విషయం మా పీచుమిల్లు మేస్త్రీకి వివరిస్తే, "ఆయ్, మూడుసార్లకేనాండీ కేసు? ఇంకోసారి పీల్చేస్తే సరిపోద్ది కదండీ!" అన్నాడు. న్యాయశాస్త్రం చదవనివాళ్లతో ఇదే చిక్కు.

మన చట్టం సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3 ప్రకారం మనుషులకి చేసే వైద్య పద్ధతికి పేటెంట్ ఇవ్వరు. తరతరాల నుంచి వస్తున్న చిట్కాలకీ ఇవ్వరు. అందుకే జలుబు చేసిన ప్రతివాడూ పసుపునీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పుకుని, ఎవరి అనుమతీ లేకుండా ఆవిరి పట్టేస్తున్నాడు. ఈ అరాచకం ఆపడానికి అమెరికాకే దరఖాస్తు రాస్తున్నాను: పసుపు అరచెంచా, దుప్పటి ఒకటి, శ్వాసలు నాలుగు నుంచి ఆరు. మేస్త్రీ అప్పుడే వాటా అడుగుతున్నాడు.