అర తక్కువ మూడు

భీమవరంలో ఒక జూనియర్ కాలేజీలో పన్నెండేళ్లు ఇంగ్లిష్ చెప్పాను. క్లాసుకి నిమిషం లేటుగా వచ్చినవాణ్ని గుమ్మం దగ్గరే ఆపి “వై ఆర్ యూ లేట్?” అని అడిగి, వాడి జవాబులో గ్రామర్ తప్పుంటే ఇంకో ఐదు నిమిషాలు అక్కడే నిలబెట్టే రకం నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకు నయం.

తర్వాత మా వారి ఉద్యోగం మమ్మల్ని ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో పడేసింది. కిటికీ తీస్తే మంచుకొండలు. ఎన్ని రోజులని చూస్తాం? ఇంగ్లిష్ నేర్పే సంస్థ ఒకదానిలో చేరాను. ఆ టిరోల్ ప్రాంతంలో స్కీయింగ్‌కి వచ్చే టూరిస్టులెక్కువ, హోటళ్లెక్కువ, అందుకని ఇంగ్లిష్‌కి గిరాకీ ఉంది. నా మొదటి బ్యాచ్ ఫుల్ప్‌మెస్ అనే కొండ ఊళ్లో ఒక హోటల్ సిబ్బంది. మధ్యాహ్నం భోజనాల హడావిడి అయ్యాక, రాత్రి వంట మొదలయ్యే లోపు వాళ్లకి కాస్త విరామం దొరుకుతుంది. దాన్ని అక్కడ ‘త్సిమ్మర్‌స్టుండె’ అంటారు. గది గంట, అంటే గదికి పోయి కాళ్లు చాపుకునే గంట. పాపం, ఆ కునుకు వదులుకుని నా క్లాసుకి రావాలి.

ఆఫీసావిడ ఫోన్ చేసి టైము చెప్పింది: “హాల్బ్ డ్రై.” నాకు ‘హాఫ్ డ్రై’ అని వినపడింది. మా ఇంట్లో సగం ఆరిన బట్టల గొడవ ఈవిడకెందుకు అనుకున్నాను. మా వారు రెండు నెలల జర్మన్ పాండిత్యంతో ఇట్టే తేల్చేశారు.

“డ్రై అంటే మూడు, హాల్బ్ అంటే అర. మూడున్నర. ఇందులో ఏముందోయ్?”

నిజమే, ఏముంది?

ఇన్స్‌బ్రుక్ నుంచి ఫుల్ప్‌మెస్‌కి 1904 నుంచీ నడుస్తున్న బుల్లి రైలుంది. 18 కిలోమీటర్లకి దాదాపు గంట. మన నర్సాపురం ప్యాసింజర్‌కి మేనత్త కూతురిలా ఉంటుంది. 574 మీటర్ల ఎత్తు నుంచి 937 మీటర్లకి ఎక్కాలి కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. దేవదారు చెట్లు, పచ్చిక, ఆవులు చూసుకుంటూ హాయిగా వెళ్లి, సరిగ్గా మూడూ ఇరవైకి హోటల్ మెట్లెక్కాను. పది నిమిషాలు ముందే! యూరప్ వాళ్లకి టైము విషయంలో మనవాళ్ల పరువు నిలబెట్టానని ఛాతీ కాస్త పొంగింది కూడా.

గదిలో పదిమంది కుర్చీలు సర్దుతున్నారు. ఒకాయన అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. నాకు భీమవరం పూనింది.

“ఎక్కడికి? కూర్చోండి! క్లాసు ఇంకా మొదలే కాలేదు!”

అందరూ బుద్ధిగా కూర్చున్నారు. గది చడీచప్పుడు లేదు. కాసేపటికి కేకులూ పేస్ట్రీలూ చేసే తెల్లమీసాల పెద్దాయన, ఎలిమెంటరీ స్కూలు పిల్లాడిలా చెయ్యెత్తాడు.

“మిసెస్ టీచర్, వుయ్ వెయిట్ సిన్స్ ఫిఫ్టీ మినిట్స్.”

“తప్పు!” అన్నాను. “వుయ్ హావ్ బీన్ వెయిటింగ్ ఫర్ ఫిఫ్టీ మినిట్స్.” బోర్డు మీద రాశాను. ‘ఫర్’ కింద రెండు గీతలు గీశాను. ఎంతసేపటి నుంచి అని చెప్పేటప్పుడు ‘సిన్స్’ రాదని వివరించాను. “ఇప్పుడు అందరూ కలిసి!” అన్నాను. పదిమందీ కలిసి అన్నారు. “మళ్లీ!” అన్నాను. మళ్లీ అన్నారు.

ఆ రెండోసారికి గానీ అర్థం నా చెవికెక్కలేదు.

రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి జాలిపడి బోర్డు మీద గడియారం బొమ్మ వేసింది. హాల్బ్ డ్రై అంటే మూడు దాటి అర కాదట. మూడుకి ఇంకా అరగంట ఉందనట! అంటే రెండున్నర. మనకి పావు తక్కువ మూడు ఉంది గానీ, అర తక్కువ మూడు ఎక్కడైనా విన్నామా? ఇది చాలదన్నట్టు వియన్నా నుంచి వచ్చిన వెయిటరు, “మా ఊళ్లో క్వార్టర్ త్రీ అంటే రెండుంపావు” అని ఇంకో బాంబు వేశాడు.

“మరి ఇంగ్లిష్ వాళ్లు ‘హాఫ్ ఫోర్’ అంటే ఎంత?” అని ఆ అమ్మాయే అడిగింది.

“నాలుగున్నర.”

ఆ పిల్ల చాక్‌పీసు కింద పెట్టేసింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒకాయన హాఫ్ ఫోర్‌కి టాక్సీ కావాలన్నాడట. తన లెక్కన మూడున్నరకే పిలిపించింది. ఆయన స్కీ బూట్లతోనే వచ్చి నానా యాగీ చేశాడట. ఆయన ఎందుకు అరిచాడో ఆ రోజు దాకా ఆమెకి తెలీదు. పోనీలే, ఒక్కరికైనా నావల్ల ఉపయోగం కలిగింది అనుకునేలోపు మూడున్నరయింది. అందరూ లేచి వంటింటికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక మా వారు అడిగారు. “క్లాసెలా జరిగింది?”

“మీ జర్మన్ ఎంత బాగుందో అంత బాగా జరిగింది.”

పై వారం రెండిటికే అక్కడ ఉండాలని బయల్దేరాను. మంచు బాగా కురిసి రైలు నత్తలా పాకింది. స్టేషన్ నుంచి పరుగూ నడకా కాని నడకతో, రొప్పుతూ హోటల్ గుమ్మం దగ్గరికి చేరాను. తెల్లమీసాల పెద్దాయన తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గోడ గడియారం కేసి చూసి, గొంతు సవరించుకున్నాడు.

“మిసెస్ టీచర్, వుయ్ హావ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ మినిట్స్.”

ఒక్క తప్పు లేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.