రిజిడ్ ఫ్రేమ్ మీద సుఖం సీటు ఒక్కదానితో రాదు

వెనుక సస్పెన్షన్ (గతుకుల దెబ్బను పీల్చుకునే ఏర్పాటు) లేని రిజిడ్ ఫ్రేమ్ మోటారు సైకిళ్లు చూడటానికే తప్ప దూరప్రయాణాలకు పనికిరావని ఒక వ్యాసకర్త రాశారు; ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. హార్లీ-డేవిడ్‌సన్ పెద్ద ఇంజన్ల బండ్లకు 1958లో డ్యుయో-గ్లైడ్ అనే మోడల్ వచ్చేదాకా వెనుక షాక్ అబ్జార్బర్లే లేవు. అయినా అమెరికాలో జనం వాటి మీదే ఊళ్లకు ఊళ్లు తిరిగారు. ఆ బండ్లలో సీటు, ఫ్రేమ్ గొట్టంలో అమర్చిన స్ప్రింగుల కడ్డీ మీద నిలిచేది; వెనుక చక్రానికి లావుపాటి టైరు ఉండేది. ఇప్పటి చాపర్లకు (ముందు భాగం పొడుగ్గా ఉండేలా సొంతంగా మార్పించుకున్న బండ్లకు) చాలామంది పలుచని సీటును నేరుగా ఫ్రేముకు బిగించి, కాళ్లు ముందుకు చాపుకొనేలా ఫుట్‌పెగ్గులు (పాదాలు ఆనించే కడ్డీలు) పెట్టుకోవడం వల్ల, గతుకు వచ్చినప్పుడు కాళ్ల మీద బరువు మోపి కాస్త పైకి లేచే వీలు పోయి, దెబ్బంతా వెన్నెముక మీదే పడుతోంది. పెగ్గులను మోకాళ్ల కిందికి తెస్తే సగం బాధ తీరుతుంది (ఖరీదైన స్ప్రింగుల సీటు కొనేముందే ఈ పని చేయమంటాను). టైరులో గాలి కొద్దిగా తగ్గించుకోవచ్చు గానీ, మరీ తగ్గిస్తే టైరు వేడెక్కి పాడవుతుంది. కేవలం ఆ ఫ్రేమ్ రూపమే కావాలనుకునేవారికి, షాక్ అబ్జార్బర్లను బయటికి కనబడకుండా దాచిన హార్లీ వారి సాఫ్ట్‌టెయిల్ మోడల్ 1984 నుంచే ఉంది.