చచ్చాక కోటి సరే, బతికించడానికి ఎంతిస్తారు?

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు గురించి మళ్లీ మొదట్నుంచి చెప్పక్కర్లేదు. 2025 జూన్ 30న 40 మందికి పైగా కార్మికులు పోయారు, కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. మర్నాడే ముఖ్యమంత్రి వెళ్లి, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున అందేలా చూస్తామన్నారు. ఇవ్వాల్సిందే, అందులో వాదనే లేదు. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ప్రమాదం తర్వాత రాత్రికి రాత్రి కోట్లలో మాట్లాడే ప్రభుత్వాలు, ప్రమాదం జరగక ముందు ఆ పక్కనున్న ఫైర్ స్టేషన్‌కి రసాయనాలను తట్టుకునే సూట్లు ఎన్ని కావాలో, గ్యాస్ డిటెక్టర్ ఉందో లేదో ఏనాడైనా అడిగాయా?

హైదరాబాద్‌లో చర్లపల్లి ఆయిల్ డిపోల దగ్గరో, ఔటర్ రింగ్ రోడ్డు మీదో ట్యాంకర్ వెనక నడుస్తున్నప్పుడు దాని మీది బోర్డు ఒకసారి చూడండి. 1203 అని నంబరుంటుంది, పైన 3వైఈ (3YE) అని కోడ్ ఉంటుంది. 1203 అంటే పెట్రోలు. 3 అంటే మంటొస్తే నీళ్లు కొట్టకండి, నురగ వాడండి అని. వై అంటే ఊపిరి పరికరం లేకుండా మంట దగ్గరకి పోవద్దు, కారిన సరుకును కాలవల్లోకి వదలకుండా ఆపండి అని. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించండి అని. మూడక్షరాల్లో పూర్తి ఆర్డర్! ట్యాంకర్ బోల్తా పడితే మొదట చేరేది ఎవరు? బిందెలు, క్యాన్లు పట్టుకుని పెట్రోలు కోసం పరిగెత్తే జనం, వాళ్లని తోలడానికి లాఠీతో వచ్చే కానిస్టేబుల్. ఆ కానిస్టేబుల్‌కి ఆ కోడ్ చదవడం ఎవరైనా నేర్పారా? నేర్పాలంటే శిక్షణకి డబ్బు కావాలి, ఆ డబ్బు ఏ పద్దులో ఉంది?

పద్దు లేదు, అసలు గొడవంతా అదే. రాష్ట్ర విపత్తు స్పందన నిధికి కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో తుపాను, వరద, వడగళ్లు, చలిగాలులు, చివరికి పంటకి పట్టే పురుగు కూడా ఉన్నాయి. అగ్నిప్రమాదం ఉంది. రసాయన ప్రమాదం మాత్రం లేదు. కావాలంటే రాష్ట్రం స్థానిక విపత్తుగా ప్రకటించుకుని నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు, అదీ ప్రమాదం జరిగాక పంచే సహాయానికే. ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకి కేంద్రం 2023లో 5,000 కోట్ల పథకం పెట్టింది, మంచిదే, కానీ అది దేశం మొత్తానికి, ఒక్కసారికి. సూటు పాతబడుతుంది, సిబ్బంది బదిలీ అవుతారు, శిక్షణ మళ్లీ మళ్లీ ఇవ్వాలి. ఒక్కసారి ఇచ్చే గ్రాంటుతో అయ్యే పని కాదిది.

1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనలు తీసి చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. కేంద్రం నుంచి కింద పారిశ్రామికవాడ దాకా క్రైసిస్ గ్రూపులు, అంటే రసాయన ప్రమాదాలకు సిద్ధంగా ఉండే కమిటీలు, పెట్టమన్నారు. స్థానిక గ్రూపులో ఫైర్ ఆఫీసరు, పోలీసు, డాక్టర్లు, సర్పంచ్, ఆఖరికి స్థానిక పత్రిక ఎడిటర్ కూడా ఉండాలి. ఆరు నెలలకోసారి పూర్తి స్థాయి మాక్ డ్రిల్ చేయాలి. పనులన్నీ చక్కగా రాశారు, డబ్బులెవరిస్తారో రాయలేదు. ఊరికే అప్పజెప్పిన పని ఎవరు చేస్తారు చెప్పండి.

ఇక్కడ నన్ను బాగా కుదిపిన విషయం ఒకటుంది. భోపాల్ గ్యాస్ లీకు మన దగ్గర జరిగింది, దాన్నుంచి నేర్చుకున్నది అమెరికా. 1984 చూసి భయపడి 1986లో వాళ్లు చట్టం తెచ్చారు, ప్రతి ప్రాంతానికీ ఎమర్జెన్సీ ప్లానింగ్ కమిటీ ఉండాలన్నారు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి 4 కోట్ల లీటర్లకు పైగా ముడి చమురు సముద్రంలో కలిసింది, మరుసటి ఏడాదికల్లా చట్టాలు మారాయి. చమురు మీద బ్యారెల్‌కి ఇన్ని సెంట్లని వసూలు చేసి, చమురు ఒలికితే స్పందనకు వాడే నిధికి జమచేస్తూ వచ్చారు. తర్వాత్తర్వాత అది 9 సెంట్లయింది, మన లెక్కలో లీటరుకు సుమారు 5 పైసలు. ప్రమాదకర సరుకు పంపే, మోసే కంపెనీల దగ్గర ఏటా రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకుని, దాన్ని రాష్ట్రాలకి గ్రాంటుగా ఇస్తారు. ఫైర్ సిబ్బంది శిక్షణకి, స్థానిక ప్రణాళికలకి. ప్లానింగ్ డబ్బులో 75 శాతం కింది కమిటీలకి చేరాలని 1990 చట్టంలోనే రాసుకున్నారు. పన్ను కట్టే మామూలు మనిషి జేబులోంచి కాదు, రిస్కు పుట్టించేవాడి జేబులోంచి.

మనమేం చేశాం? 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే రసాయనం ఆవిరై లీకైంది, 12 మంది పోయారు. రిఫైనరీ, పోర్టు, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరు అది. అలాంటి ఊరికి ఆ ట్యాంకును శాంతపరిచే రసాయనం గుజరాత్ నుంచి, రసాయన ప్రమాదాల నిపుణులు పుణె నుంచి విమానమెక్కి రావాల్సొచ్చింది. 2017లో చెన్నై పక్కన ఎన్నూర్ దగ్గర ఓడలు ఢీకొని చమురు తీరానికి కొట్టుకొచ్చినప్పుడు మనుషులు బకెట్లతో తోడటం దేశమంతా చూసింది. 2023 డిసెంబర్‌లో మళ్లీ ఎన్నూర్ వాగులోనే చమురు తేలింది, మళ్లీ మత్స్యకారులే చేతులతో ఎత్తారు.

మన దగ్గరా ప్రమాదకర సరుకు పంపే, మోసే వాళ్ల మీద అలాంటి చిన్న ఫీజు వేయాలంటాను. పరిశ్రమల వాళ్ల వాదన నాకు తెలుసు. ఇప్పటికే 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం కింద బీమా తీసుకుంటున్నాం, ప్రీమియంతో సమానంగా పర్యావరణ సహాయ నిధికి కడుతున్నాం, మళ్లీ కొత్త ఫీజా అంటారు. నిజమే, కడుతున్నారు. ఆ నిధిలో వందల కోట్లు పోగుపడి, ఏళ్ల తరబడి దాదాపు ఖర్చే కాకుండా పడున్నాయి, ఆ కోపం న్యాయమే. కానీ ఆ నిధి పెట్టింది బాధితులకి పంచడానికి, ప్రమాదాన్ని ఎదుర్కొనే వాళ్లని తయారుచేయడానికి కాదు. అన్నట్టు ఆ చట్టం మొదట్లో ఒక ప్రాణానికి రాసిన మొత్తం 25,000 రూపాయలు.

లెక్క చూడండి. లీటరుకి ఒక్క పైసా ఫీజు వేస్తే 20,000 లీటర్ల ట్యాంకర్‌కి 200 రూపాయలు. 2021లో వ్యవసాయ సెస్ పేరుతో పెట్రోలు మీద లీటరుకు రెండున్నర రూపాయలు పెట్టినప్పుడు లేని కష్టం ఈ పైసాకి వస్తుందా?

అయితే ఆ పైసా ఢిల్లీకో, హైదరాబాద్‌లో ఏదో కార్పొరేషన్ ఖాతాకో వెళ్తే మాత్రం నేనే వద్దంటాను. మన దగ్గర అసలు రోగం అక్కడుంది. పారిశ్రామికవాడలో ఆస్తిపన్ను వసూలు చేసేది రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ కింది ఐలా, అంటే పారిశ్రామికవాడ స్థానిక పాలన సంస్థ. పొగ, వాసన, అర్ధరాత్రి సైరన్ మాత్రం పక్క ఊరివాళ్లవి. పంచాయతీలకీ మున్సిపాలిటీలకీ అధికారాలిచ్చే 73, 74 రాజ్యాంగ సవరణలొచ్చి ముప్పై ఏళ్లు దాటినా, తన ఊరి మీద ఏ రసాయనం పొంచి ఉందో సర్పంచ్‌కి తెలీదు, తెలిసినా చేతిలో పైసా లేదు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముండే అపార్ట్‌మెంట్ కింద రసాయన డ్రమ్ములు పెట్టుకున్నారు, మంటల్లో కనీసం 9 మంది పోయారు. ఆ డ్రమ్ముల సంగతి ముందుగా తెలిసే అవకాశం ఉన్నది వార్డు స్థాయి మనిషికే, సచివాలయంలో కూర్చున్న ఐఏఎస్‌కి కాదు.

అందుకే వసూలైన దాంట్లో ముప్పావు వంతు జిల్లా, స్థానిక క్రైసిస్ గ్రూపుల ఖాతాలోకి నేరుగా పడాలని చట్టంలోనే రాయాలి. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, కాటేదాన్, చర్లపల్లి, ఒక్కో చోట ఎంత డబ్బొచ్చింది, ఎన్ని సూట్లు కొన్నారు, చివరి డ్రిల్ ఏ తేదీన చేశారు అన్నది ఫైర్ స్టేషన్ గోడ మీద బోర్డు పెట్టి రాయాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మన ఎమ్మెల్యేల్లో ఒక్కరైనా ఈ పద్దు గురించి అడుగుతారేమో చూద్దాం. పటాన్‌చెరు ఎమ్మెల్యేతో మొదలుపెట్టినా చాలు.