చాలు అంటే చాలూ

నిన్న మధ్యాహ్నం తిన్న రొట్టెలు ఇంకా నాతోనే ఉన్నాయి. అవి అరిగేలోపే రాసేయాలి.

బాసరలో మావాడి అక్షరాభ్యాసం తొమ్మిదికల్లా అయిపోయింది. దిద్దిన అక్షరాల కన్నా ఏడుపే ఎక్కువ, అది వదిలేద్దాం. "ఇంతదూరం వచ్చి నాందేడ్ చూడకపోతే ఎలా తమ్ముడూ" అన్నాడు మా తోడల్లుడు. ఆయనది నిజామాబాద్. నాందేడ్ గురుద్వారాకి పదిసార్లు వెళ్లొచ్చాడట. మాది రాజమండ్రి. నాకు తెలిసినంతలో నాందేడ్ అంటే, మా గోదారి మాకంటే ముందు చూసొచ్చే ఊరు. అంతే.

తలకి రుమాలు కట్టుకోవడం, కాళ్లు కడుక్కోవడం, దర్శనం, అన్నీ సవ్యంగా జరిగాయి. అందుకే రాయడం లేదు.

లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనాల బంతిలో, కూర్చోబోతుంటే మా తోడల్లుడు చెవిలో చెప్పాడు. "రెండే రూల్సు. పెట్టింది కాదనకూడదు. పళ్లెంలో మెతుకు మిగల్చకూడదు." మా ఆవిడ వెంటనే "బావ చెప్పినట్టు వినండి" అంది. రెండో రూలు నిజమే. మొదటిది ఆయన సొంత శాస్త్రమని నాకెలా తెలుస్తుంది? పైగా అక్కడ రొట్టెని ప్రశాదా అంటారు. అన్నవరం ప్రసాదాన్ని ఆకుతో సహా నాకే వంశం మాది. ప్రసాదం వద్దంటామా?

నాలుగు రొట్టెల దాకా భక్తే నడిపించింది. అయిదోది వస్తుంటే భయం పట్టుకుంది.

మన పెళ్లి బంతుల్లో వద్దనడానికి ఒక పద్ధతుంది కదా. ముందుకి వంగి, విస్తరి మీద రెండు చేతులూ చాచి అడ్డం పెడతాం. (అయినా వేళ్ల సందులోంచి ఒక గారె పడేసి పోయే మహానుభావులు ఉంటారు. అది వేరే విషయం.) నేనూ అలాగే చేతులు చాచాను. లంగర్‌లో రొట్టె కావాలనడానికి పద్ధతి సరిగ్గా అదే! అక్కడ రొట్టె పళ్లెంలో వేయించుకోరు, రెండు చేతులతో అందుకుంటారు. అయిదోది వెచ్చగా వచ్చి నా చేతుల్లో వాలింది.

కంగారులో "చాలు, చాలు" అన్నాను. హిందీలో చాలూ అంటే నడుస్తోంది, ఆగలేదు అని. మరాఠీలోనూ అంతే. వడ్డించే సర్దార్‌జీ పెద్దాయన, తెల్లటి గడ్డం. బాగా తినే మనవణ్ణి చూసిన మా అమ్మమ్మలా మురిసిపోయి ఆరోది వేశాడు. హిందీ మధ్యమ పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసైనవాణ్ణి, ఆ క్షణాన ‘బస్’ అనే ఒక్క ముక్క తట్టలేదు. ఎంత ఆలోచించినా ఆర్టీసీ బస్సే కళ్లముందు కదిలింది. ఇక దణ్ణం పెట్టేద్దామని చేతులు దగ్గరికి చేర్చాను. అవి పూర్తిగా కలిసేలోపే దోసిలి అయింది. ఏడోది.

పక్కన మా తోడల్లుడు పప్పు జుర్రుకుంటూ చరిత్ర చెబుతున్నాడు. 1708లో గురు గోవింద్ సింగ్ చివరి రోజులు గడిపింది ఇక్కడేనట. తన తర్వాత సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబే గురువని చెప్పిందీ ఇక్కడేనట. సిక్కుల అయిదు తఖ్తుల్లో, అంటే మతాధికార పీఠాల్లో, ఇదొకటి, 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించాడు. అంతా కరెక్టే. చరిత్రలో ఆయనెప్పుడూ తప్పు చెప్పడు, భోజనం దగ్గరే ముంచుతాడు.

సర్దార్‌జీ మళ్లీ వచ్చాడు. అప్పుడు చూశాను. మా తోడల్లుడు మాట ఆపకుండానే ఒక్క చెయ్యి పళ్లెం మీద బోర్లించి, తల అడ్డంగా ఊపాడు. సర్దార్‌జీ నవ్వి ముందుకెళ్లిపోయాడు. ఆయన తిన్నవి రెండంటే రెండు.

"కాదనకూడదన్నారు?"

"అది మొదటిసారి వచ్చినవాళ్లకి తమ్ముడూ."

మిగల్చకూడదు కాబట్టి ఏడూ తిన్నాను. ఆఖరి ముక్క మింగేసరికి మా బంతిలో నేను తప్ప ఎవరూ లేరు. నేల తుడిచే కుర్రాడు గుడ్డ పట్టుకుని, నేనెప్పుడు లేస్తానా అని నిలబడ్డాడు. లేవడానికి ఆ కుర్రాడే చెయ్యందించాడు.

కారులో దారి పొడుగునా మా ఆవిడ ఫోన్ చేసి పుట్టింటివాళ్లందరికీ చెప్పింది. ‘చాలూ’ దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ స్పీకర్ పెట్టింది.

రాత్రి నిజామాబాద్‌లో వదినగారు కంచం ముందు కూర్చోబెట్టారు. "మధ్యాహ్నం బయట ఏం తిన్నారో ఏమో మరిదిగారూ" అంటూ వంటింట్లోంచి వేడివేడి చపాతీలు తెచ్చారు.

"చా..." అని ఆగిపోయాను.